గాజు పెట్టెలో చిన్న ప్రాణం

మన పల్లెల్లో బల్లి లేని ఇల్లు ఉండదు. సాయంకాలం దీపం వెలగగానే గోడ మీదికి వస్తుంది, నాలుగు పురుగులు తింటుంది, తెల్లవారేసరికి క్యాలెండరు వెనుకకో దూలం సందులోకో పోయి దాక్కుంటుంది. తల మీద పడితే ఒక ఫలం, భుజం మీద పడితే ఇంకొక ఫలం అని పంచాంగం తిరగవేసే వారు మన చుట్టూ ఇప్పటికీ ఉన్నారు. అటువంటివి నమ్మని ఇంట్లో పుట్టి పెరిగినదాన్ని నేను. ముప్పై ఏళ్ళకు పైగా బడిలో పిల్లలకు పాఠాలు చెప్పాను. అయినా ఉన్నమాట ఒప్పుకోవాలి. బల్లి మీద పడితే శకునం కాదని బుద్ధికి తెలుసు గాని, ఒళ్ళు మాత్రం జలదరిస్తుంది.

అటువంటి నాకు అరవై ఎనిమిదో ఏట ఒక బల్లికి సేవ చేసే పని పడింది. ఆ పనిలో నేనొక పెద్ద పొరపాటు చేశాను. ఆ సంగతి నలుగురికీ ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాను.

2022 మార్చిలో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో ఉన్న మా పెద్దబ్బాయి ఇంటికి వెళ్ళాను. ఆరు నెలలు ఉందామని వెళ్ళాను. ఇంట్లో అడుగు పెట్టిన గంటకే పదకొండేళ్ళ మనవడు నా చెయ్యి పట్టుకొని మేడ మీదికి లాక్కుపోయాడు. "నానమ్మా, నీకొకటి చూపిస్తా, అరవకూడదు" అన్నాడు. వాడి గదిలో బల్ల మీద నిలువుగా ఒక గాజు పెట్టె ఉంది. లోపల కొమ్మలు, ఆకులు, అడుగున మట్టి. నాకు చెట్టు తప్ప ఏమీ కనబడలేదు. వాడు వేలు పెట్టి చూపించాక, ఒక కొమ్మనంటుకొని నిద్రపోతున్న బల్లి కనబడింది. నేను అరవలేదు గాని రెండడుగులు వెనక్కి వేశాను. దాని పేరు మ్యాంగో అట. ఒంటి రంగు పండిన మామిడిపండులా ఉందని ఆ పేరు పెట్టాడు.

ఇది ఎక్కడి జీవి?

దీన్ని క్రెస్టెడ్ గెక్కో అంటారు. కళ్ళ మీదినుంచి వీపు వరకు రెండు వరుసలుగా చిన్న చిన్న మెత్తని ముళ్ళు ఉంటాయి. చూడడానికి కనురెప్పల వెంట్రుకల్లా ఉంటాయి. నిజానికి దీనికి కదిలే కనురెప్పలే లేవు. కంట్లో దుమ్ము పడితే నాలుకతో తుడుచుకుంటుంది. మొదటిసారి అది కన్ను నాక్కోవడం చూసి నేను నవ్వు ఆపుకోలేకపోయాను.

దీని స్వస్థలం న్యూ కలెడోనియా. ఆస్ట్రేలియాకు తూర్పున, పసిఫిక్ మహాసముద్రంలో ఫ్రాన్సు పాలనలో ఉన్న దీవులు అవి. 1866లో గిషెనో అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దీన్ని గురించి మొదట రాశాడు. తరువాత చాలాకాలం ఎవరికీ కనబడక, ఈ జాతి అంతరించిపోయిందనే అనుకున్నారు. 1994లో ఆ దీవుల్లో మళ్ళీ సజీవంగా దొరికింది. ఇప్పుడు అక్కడినుంచి పట్టి బయటికి తేవడానికి వీల్లేదు. ఇళ్ళల్లో పెంచుతున్నవన్నీ అప్పట్లో తెచ్చిన కొద్దిపాటి బల్లుల సంతతి. అడవిలో ఉన్నవాటికేమో ఎలుకలు, పిల్లులు, బయటి దేశాలనుంచి వచ్చిచేరిన ఒక రకం కుట్టే చీమలు ప్రాణాంతకంగా ఉన్నాయి.

పెద్దదైతే తోకతో కలిపి జానెడు పొడవు, అంటే సుమారు 20 సెంటీమీటర్లు ఉంటుంది. బరువు 35 నుంచి 50 గ్రాములు. జాగ్రత్తగా చూసుకుంటే 15 నుంచి 20 సంవత్సరాలు బతుకుతుంది. ఈ మాట విన్నప్పుడు నేను మనవడి వంక చూశాను. వాడికి ఉద్యోగం వచ్చి, పెళ్ళి అయ్యే నాటికి కూడా ఇది ఉంటుందన్నమాట.

గాజు మీద ఎలా నడుస్తుంది?

నున్నటి గాజు మీద అది నిలువుగా ఎక్కిపోతుంటే జిగురు ఏదో ఉందనుకున్నాను. జిగురు లేదు. గెక్కో జాతి బల్లుల పాదాల కింద కంటికి కనబడని సన్నని నూగు లక్షల సంఖ్యలో ఉంటుంది. ఒక్కొక్క నూగు చివర మళ్ళీ వందల కొసలుగా చీలి ఉంటుంది. ఆ కొసలు గోడకు అతి దగ్గరగా ఆనినప్పుడు, రెండు వస్తువుల అణువుల మధ్య ఉండే స్వల్ప ఆకర్షణే దాన్ని పట్టి నిలుపుతుంది. కెలర్ ఆటమ్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు 2000, 2002 సంవత్సరాల్లో ఈ సంగతిని పరిశోధించి చూపారు. మన గోడ మీది బల్లి కూడా ఇదే విధంగా నడుస్తుంది. ఇన్నేళ్ళు దాన్ని చీపురుతో తరిమానే గాని, ఎలా నడుస్తుందని ఒక్కనాడూ ఆలోచించలేదు.

తోక విషయంలో మాత్రం రెంటికీ తేడా ఉంది. మన ఇంటి బల్లి తోక తెగితే మళ్ళీ మొలుస్తుంది. క్రెస్టెడ్ గెక్కో బెదిరితే తోక వదిలేస్తుంది గాని అది మళ్ళీ మొలవదు. తోక లేకపోయినా బతుకుతుంది. అయినా మన అజాగ్రత్తవల్ల అది జీవితాంతం మొండితోకతో ఉండవలసివస్తుంది.

దానికి ఇల్లు ఎలా ఉండవలెను?

ఇది చెట్లెక్కే జీవి. కాబట్టి పెట్టెకు వెడల్పు కంటే ఎత్తు ముఖ్యం. పెరిగిన బల్లి ఒక్కదానికి ఒకటిన్నర అడుగు పొడవు, ఒకటిన్నర అడుగు వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉన్న పెట్టె కావాలి. తలుపు ముందువైపు ఉంటే మంచిది. పైనుంచి చెయ్యి దించితే గద్ద వచ్చిందని బెదురుతుంది. పైకప్పు గాలి ఆడేలా జల్లెడలా ఉండాలి. లోపల అడ్డంగా, ఏటవాలుగా కొమ్మలు, వెదురు ముక్కలు, దాక్కోవడానికి గుబురు ఆకులు ఉండాలి. ఆసరా లేని పెట్టెలో నున్నటి గాజుకే తలకిందులుగా వేలాడి నిద్రపోతే, తోక బరువుకు నడుము ఎముక వంకర పోతుందట.

అడుగున పిల్ల బల్లికైతే కాగితపు తువ్వాలు పరిస్తే చాలు. పెద్దదానికి తడి నిలిపే మట్టి, కొబ్బరి పొట్టు వేస్తారు. మన కోనసీమలో పీచు తీశాక కుప్పలుగా మిగిలే పొట్టు ఉన్నదే, అదే. అక్కడ దాన్ని ఇటుకల్లా అచ్చుపోసి అంగట్లో అమ్ముతుంటే చూసి, ఊరివాళ్ళెవరో ఎదురుపడినట్టు అనిపించింది.

ఉదయం, రాత్రి పెట్టెలో నీళ్ళు తుంపరగా చల్లాలి. ఆకుల మీది బొట్లను అది నాకి తాగుతుంది. గాలిలో తేమ 60 నుంచి 80 శాతం మధ్య ఉండాలి. పగలు కొంత ఆరనివ్వాలి. ఎప్పుడూ చిత్తడిగా ఉంటే బూజు పట్టి రోగాలు వస్తాయి. మరీ పొడిగా ఉంటే కుబుసం సరిగా ఊడక, వేళ్ళకు దారంలా చుట్టుకొని రక్తం ఆడనివ్వదు.

అన్నింటికంటే ముఖ్యమైనది వేడి. బల్లి కదా, ఎండ అంటే ఇష్టం అనుకుంటాము. ఇది అలాంటిది కాదు. దీనికి 22 నుంచి 26 డిగ్రీల సెల్సియస్ హాయి. 28 దాటితే అవస్థ. 30 దాటి అలాగే ఉంటే ప్రాణాపాయం. ఈ ఒక్క ముక్క నా మనవడు నాకు నాలుగుసార్లు చెప్పాడు. నాలుగుసార్లూ సరే అన్నాను.

తిండి సంగతి

దీనికోసం పొడిగా తయారుచేసిన ఆహారం దొరుకుతుంది. పండ్ల పిండి, మాంసకృత్తులు, సున్నం, విటమిన్లు అన్నీ పాళ్ళ ప్రకారం కలిపి ఉంటాయి. నీళ్ళలో పలుచగా కలిపి, రాత్రి పూట చిన్న మూతలో పోసి కొమ్మ మీద పెట్టాలి. పెద్ద బల్లికి వారానికి మూడు నాలుగు సార్లు చాలు. పిల్లబల్లికి ఇంకా తరచుగా పెట్టాలి. మిగిలింది మరునాటికల్లా తీసివేయాలి. వారానికి ఒకసారి, పెంపకపు చిమ్మెటలను సున్నపు పొడిలో దొర్లించి వేస్తారు. పురుగు సైజు బల్లి రెండు కళ్ళ మధ్య ఉన్న దూరానికి మించకూడదు. పెరట్లో పట్టిన పురుగులు వేయకూడదు. వాటి ఒంటి మీద మందు ఉండవచ్చును. మిణుగురు పురుగు విషం. పాలు, పెరుగు, నిమ్మ నారింజ జాతి పండ్లు పనికిరావు.

నేను చేసిన తప్పు

ఏప్రిల్ నెలలో ఒకనాడు అరటిపండు తింటూ, చిటికెడు గుజ్జు చెంచాతో పెట్టె తలుపు దగ్గర పెట్టాను. మ్యాంగో దిగివచ్చి నాలుక చాచి నాకింది. నా చెంచా నుంచి తిన్నది! నాకున్న జలదరింపు అంతా ఆ పూటతో పోయింది. ఆనాటినుంచి రోజూ సాయంత్రం అరటిపండు పెట్టడం నాకు అలవాటయింది. మూడు నెలలు పెట్టాను. మూతలోని ఆహారం తాకకుండా మిగిలిపోతుంటే, అది దానికి నచ్చక అనుకున్నాను. బిడ్డ అన్నం తినకపోతే పండైనా తిననీ అనుకునే మనసు నాది.

జూలైలో మనవడు అయిదు రోజుల వేసవి శిబిరానికి వెళ్ళాడు. వెళ్తూ ఒక కాగితం రాసి గోడకు అంటించాడు. నీళ్ళు ఎప్పుడు చల్లాలి, ఆహారం ఎప్పుడు మార్చాలి, గదిలో వేడి ఎంత ఉండాలి, అన్నీ తెలుగు అక్షరాల్లోనే, వంకరటింకరగా రాశాడు. కొడుకూ కోడలూ పగలంతా ఉద్యోగాలకు, చిన్నది బడికి. ఇంట్లో నేనొక్కదాన్నే. ఒక్క మనిషికోసం ఇంత పెద్ద ఇల్లు చల్లబరచడం నాకు దుబారాగా తోచింది. పైగా ఆ చల్లదనానికి నా మోకాళ్ళు నొప్పులు. మూడో రోజు ఉదయం, అందరూ వెళ్ళాక ఏసీ ఆపేశాను. కింద కిటికీ దగ్గర కూర్చుని చదువుకుంటూ కునుకు తీశాను.

ఆ రోజు బయట 40 డిగ్రీల ఎండ. మధ్యాహ్నం మూడింటికి మేడ మీదికి వెళ్ళేసరికి గదిలో వేడి ముఖానికి కొట్టింది. పెట్టెలోని ఉష్ణమాపకం 33 చూపిస్తోంది. మ్యాంగో కొమ్మ మీద లేదు. అడుగున మట్టిలో నోరు తెరిచి పడి ఉంది. పిలిచినా, నీళ్ళు చల్లినా కదలలేదు.

నా చేతులు వణికాయి. ఏసీ వేసి కొడుకుకు ఫోను చేశాను. వాడు పశువైద్యురాలిని అడిగి మళ్ళీ చేశాడు. "అమ్మా, ఐసు పెట్టవద్దు. చిన్న డబ్బాలో తడి కాగితం పరిచి, అందులో పెట్టి, కింద చల్లని గదికి తీసుకురా. నేను వస్తున్నా" అన్నాడు. నలభై ఏళ్ళు బల్లిని చీపురుతో తప్ప తాకని చేతులతో దాన్ని ఎత్తాను. పత్తి మూట అంత తేలికగా ఉంది. పొట్ట ఎగసిపడుతోంది. ప్రాణం ఉంది.

వైద్యురాలు దానికి నీరు ఎక్కించి, దవడను రెండు వేళ్ళతో మెల్లగా నొక్కి చూసి, ఎక్స్‌రే తీయించింది. వడదెబ్బ ఒక్కటే కాదు, ఎముకలు మెత్తబడ్డాయని చెప్పింది. తోక మొదట్లో చిన్న వంకర కూడా చూపించింది. ఏమి పెడుతున్నారని అడిగింది. నేను అరటిపండు అని చెప్పాను, కొడుకు ఇంగ్లీషులో చెప్పాడు. ఆమె కోప్పడలేదు. పెరిగే వయసులో ఉన్న బల్లికి సున్నం ఎక్కువ కావాలి. అరటిపండులో సున్నం తక్కువ, భాస్వరం అంతకంటే ఎక్కువ. తీపికి అలవాటుపడి, కడుపు నిండి, అసలు ఆహారం మానేసింది. రక్తానికి కావలసిన సున్నాన్ని శరీరం ఎముకల్లోనుంచే లాగుకుంటుంది. అందుకే దవడ మెత్తబడుతుంది, కాళ్ళు, తోక వంకర పోతాయి, వణుకు వస్తుంది. ఇదంతా కొడుకు కారులో ఇంటికి వస్తూ నాకు వివరించాడు. నేను మాట్లాడలేదు.

వాడు ఏమన్నాడు

వాడికి శిబిరంలో ఉండగా చెప్పవద్దని కోడలు అన్నది. "అత్తయ్యా, వాడు వచ్చాక మేమే చెబుతాం, మీరేమీ అనుకోకండి" అన్నది. ఆ రెండు రాత్రులు నాకు నిద్ర లేదు. ఎండకు అలా అయిందంటే సరిపోతుంది, ఏసీ పాడైందంటే వాడు నమ్ముతాడు. ఆ ఆలోచన రాలేదని చెప్పను. కాని బడిలో ఎందరు పిల్లల చేత నిజం చెప్పించాను! వాడు సంచి దించకముందే, కూర్చోబెట్టి, ఏసీ సంగతీ అరటిపండు సంగతీ నేనే చెప్పాను.

వాడు ఏడ్చాడు. పెట్టె దగ్గరికి వెళ్ళి చాలాసేపు నిలబడ్డాడు. రాత్రి అన్నాల తరువాత నా మంచం దగ్గరికి వచ్చి, "నానమ్మా, నువ్వు అరటిపండు పెట్టడం నేను చూశాను. తప్పని నాకు తెలుసు. నువ్వు దానితో స్నేహంగా ఉంటున్నావని ఆపలేదు. చిమ్మెటలకు సున్నం పొడి వేయడం నేను కూడా చాలాసార్లు మరిచిపోయాను" అన్నాడు. తప్పు నాదొక్కదానిదే కాదని చెప్పడానికి ఆ పిల్లవాడు అంత ధైర్యం చేశాడు.

ఆ తరువాత ఇద్దరం కలిసి పని చేశాం. వైద్యురాలు ఇచ్చిన సున్నపు మందు రోజూ ముక్కు మీద ఒక చుక్క వేస్తే నాకేది. ఎముకలకు సున్నం పట్టాలంటే విటమిన్ డి కావాలి గనుక, సూర్యకాంతిలోని ఆ గుణం కొద్దిగా ఇచ్చే దీపం పెట్టారు. ప్రతి ఆదివారం సాయంత్రం చిన్న తూకం మీద బరువు చూసి పుస్తకంలో రాశాం. మొదటి వారం 16 గ్రాములు. నేను సెప్టెంబరులో తిరిగివచ్చే నాటికి 21. దవడ గట్టిపడింది. తోక వంకర మాత్రం అలాగే ఉండిపోయింది. అది ఇక పోదు.

ముట్టుకునే ముందు, ముట్టుకున్న తరువాత

కొత్తగా తెచ్చిన బల్లిని రెండు వారాలు చేతిలోకి తీసుకోకూడదు. తరువాత కూడా రోజుకు అయిదు పది నిమిషాలు చాలు. పట్టుకోవడం కాదు, అరచెయ్యి ముందు పెడితే దానంతటదే ఎక్కాలి. నేల మీద కూర్చుని చేస్తే, దూకినా దెబ్బ తగలదు. తోక ఎన్నడూ పట్టకూడదు. రెండు మగవాటిని ఒకే పెట్టెలో ఉంచితే కొట్టుకుంటాయి. ఒంటరిగా ఉంచినా దానికి లోటు లేదు.

మన ఆరోగ్యం మాట కూడా చెప్పాలి. ఆరోగ్యంగా కనబడే బల్లి, తాబేలు, పాము వంటి జీవుల మలంలో కూడా సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉండవచ్చును. అది విరేచనాలు, జ్వరం తెస్తుంది. అయిదేళ్ళలోపు పిల్లలకు, వృద్ధులకు, జబ్బు మనుషులకు అపాయం. కాబట్టి బల్లినీ పెట్టెనూ తాకిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి. దాని గిన్నెలు వంటింటి సింకులో తోమకూడదు. ముద్దు పెట్టకూడదు. మా నాలుగేళ్ళ మనవరాలికి ఆ పెట్టెను చూడడానికే గాని తాకడానికి అనుమతి లేదు.

మన పిల్లలకు ఏమి చెప్పాలి?

ఇది చదివి మన ఊళ్ళో ఏ పిల్లవాడూ సీసాలో బల్లిని పట్టి పెట్టకూడదు. ఉడుము, ఊసరవెల్లి, తిరుమల కొండల్లోని బంగారు బల్లి వంటివాటిని పట్టడం, అమ్మడం, పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఆ చట్టాన్ని 2022లో సవరించినప్పుడు, అంతర్జాతీయ ఒప్పందపు జాబితాల్లో ఉన్న విదేశీ జీవులను పెంచేవారు కూడా ప్రభుత్వం వద్ద నమోదు చేయించుకోవాలని నియమం పెట్టారు. అంతేకాదు, మే నెలలో మన ఇళ్ళల్లో నీడన కూడా 38, 40 డిగ్రీలు ఉంటుంది, పైగా కరెంటు కోత. అటువంటి చోట ఈ చల్లని దీవి జీవిని ఉంచడం ఎలాంటిదో, ఒక్క మధ్యాహ్నంలోనే నేను చూశాను.

మనకు గాజు పెట్టె అవసరం లేదు. రాత్రి వరండాలో దీపం కింద పిల్లలను కూర్చోబెట్టి, గోడ మీది బల్లిని పావుగంట చూడనివ్వండి. ఎన్ని పురుగులు తిన్నదో లెక్కపెట్టమనండి. సామెతల గ్రంథం ముప్పయ్యవ అధ్యాయంలో, చిన్నవైనా జ్ఞానంగల నాలుగు జీవులని చెప్పినచోట చీమతోపాటు బల్లి కూడా ఉంది. రాజుల ఇళ్ళల్లోనూ నివసించేదని దానికి పేరు. మన ఇంట్లో ఉంటే తరమడం ఎందుకు?

ఇంట్లో ఏ జీవిని పెంచినా, కోడిపిల్లయినా మేకపిల్లయినా, ఒక సంగతి గుర్తుంచుకోవలెను. ప్రేమ ఉంటే సరిపోదు. నాకు ప్రేమ ఉండబట్టే అరటిపండు పెట్టాను. దానికి ఏది మంచిదో తెలిసినవారిని అడిగి తెలుసుకొని పెట్టాలి. మనకు ఏది హాయో కాదు, దానికి ఏది హాయో చూడాలి. పిల్లవాడు అడిగాడని తెచ్చే ముందు, ఇది ఎన్నేళ్ళు బతుకుతుంది, వాడు చదువుకు వెళ్ళిపోతే ఎవరు చూస్తారు అని పెద్దలు ఆలోచించుకోవాలి.

ఇప్పటికీ ఆదివారం సాయంత్రాలు మనవడు ఫోనులో కనబడతాడు. ముందు నా మోకాళ్ళ సంగతి అడుగుతాడు. తరువాత ఫోను గాజు పెట్టె వైపు తిప్పుతాడు. వంకర తోకతో మ్యాంగో కొమ్మ మీద ఉంటుంది. "నలభై రెండు గ్రాములు, నానమ్మా" అంటాడు. నేను పుస్తకం తీసి రాసుకుంటాను. మా వరండా గోడ మీద ట్యూబులైటు పక్కన మా బల్లి కూడా అప్పటికి వచ్చి ఉంటుంది. ఈమధ్య చీపురు జోలికి పోవడం లేదు.